2024–25 వార్షిక నివేదిక: ఇంటి దగ్గర పాదాల సంరక్షణ సేవ

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన వయోవృద్ధుల సంఘం చేసిన పనుల నివేదిక ఇది. కంటి పరీక్షల శిబిరం, కార్తీక వనభోజనాలు, పింఛనుదారులకు లైఫ్ సర్టిఫికెట్ల సాయం ఎప్పటిలాగే జరిగాయి. వాటి వివరాలు, జమాఖర్చులు విడిగా ఇచ్చిన కాగితంలో ఉన్నాయి. ఈసారి ఎక్కువ భాగం ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. షుగరు ఉండి బయటికి రాలేని సభ్యుల ఇళ్లకే వెళ్లి పాదాలు చూసే సేవను ఈ ఏడాది మొదలుపెట్టాం. దీన్ని కొనసాగించాలా, ఎలా కొనసాగించాలి అన్న దాని మీద కార్యవర్గంలో గట్టి వాదనలే జరిగాయి. కాబట్టి మంచీ చెడూ మొత్తం మీ ముందు పెడుతున్నాను.

పాదాల వైద్యమే ప్రత్యేకంగా చదువుకున్న పోడియాట్రిస్టులు మన దగ్గర దొరకడం కష్టం. అందుకని పాదాల సంరక్షణలో శిక్షణ పొందిన ఒక నర్సుగారిని కుదుర్చుకున్నాం. అందరూ సిస్టర్ అనే పిలుస్తున్నారు, నేనూ అలాగే రాస్తాను. గోళ్లు తీయడం, ఆనెలు పల్చన చేయడం, పగుళ్లు చూడటం, పాదంలో స్పర్శ, నాడి పరీక్షించడం, చెప్పులు చూడటం ఆమె పని. పుండ్లు కోయడం, చీము తీయడం ఆమె పని కాదు. ఈ తేడా కొన్ని ఇళ్లలో ఎంత చెప్పినా ఎక్కలేదు.

విజయవాడలో ఇంటింటికీ వెళ్లడమంటే ముందు మెట్ల సంగతి చెప్పాలి. మన సభ్యుల్లో చాలామంది చిట్టినగర్, విద్యాధరపురం, గుణదల వైపు కొండవాలు ఇళ్లలో ఉంటారు. ఆటో కింద రోడ్డు మీదే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇద్దరు పక్కపక్కన నడవలేని మెట్లు. అసలు మన పెద్దవాళ్లలో కొందరు ఆసుపత్రికి వెళ్లడం మానేసింది కాళ్ల బలహీనత వల్ల కాదు, ఆ మెట్లు దిగి మళ్లీ ఎక్కలేక. సిస్టర్ ఆ మెట్ల మీదుగానే పరికరాల పెట్టె, మడత స్టూలు, తలకు కట్టుకునే లైటు, వాడిన సామాను వేసే డబ్బా మోసుకుని వెళ్లాలి. మే నెల బెజవాడ ఎండలో ఇది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అందుకే వేసవిలో ఉదయం పది దాటితే కొండ ఇళ్లకు పంపడం మానేశాం.

రెండోది పరికరాల శుభ్రత. ఒక ఇంట్లో వాడిన గోళ్ల కట్టర్ కడగకుండా ఇంకో ఇంట్లో వాడకూడదని అందరికీ తెలుసు. కడిగినా చాలదని కొందరికే తెలుసు. డెట్టాల్ నీళ్లలో ముంచి తీస్తే సరిపోదు. బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, ప్యాకెట్లో పెట్టి, ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే యంత్రం) 121 డిగ్రీల ఆవిరి మీద ఉంచాలి. మనకు సొంత ఆటోక్లేవ్ లేదు. ఒక డాక్టరుగారి క్లినిక్‌లో సాయంత్రాలు పెట్టిస్తున్నాం. కాబట్టి ఎన్ని సెట్లు ఉంటే రోజుకు అన్ని ఇళ్లే. "మా వీధి దాకా వచ్చి మా ఇంటికి రాలేదు" అని అలిగిన సభ్యులు ఈ లెక్క గమనించాలి. ప్రెషర్ కుక్కర్లో పెడితే పోదా అని కార్యవర్గంలో ఒకరు అడిగారు. కుక్కర్ పనిచేసేదీ ఆవిరి ఒత్తిడితోనే, కాదనను. కానీ లోపల ఎంత వేడి ఎంతసేపు నిలిచిందో చూసుకునే వీలు ఉండదు. పైగా ఆ కుక్కర్లో మళ్లీ పప్పు వండుకునే ఇల్లు ఏది?

వాడిన బ్లేడ్లు, రక్తం అంటిన దూది ఇంటి చెత్తబుట్టలో వేయకూడదు. 2016 నాటి వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం బ్లేడ్లు గుచ్చుకోని తెల్లడబ్బాలోకి, రక్తం అంటినవి పసుపు సంచిలోకి పోవాలి. వాటినీ సిస్టర్ తిరిగి మోసుకొచ్చి క్లినిక్‌లో ఇస్తున్నారు.

ఇక ఇంట్లోకి వెళ్లాక వెలుతురు ఉండదు. పెద్దవాళ్ల మంచం సాధారణంగా ఇంట్లో అన్నిటికంటే చీకటి గదిలో ఉంటుంది, ఎందుకో మరి. మంచం మీద కూర్చున్న మనిషి కాలు చూడాలంటే సిస్టర్ నేల మీద కూర్చుని గంటసేపు వంగి ఉండాలి. ఈ ఏడాది ఆమెకు నడుంనొప్పి పట్టుకుంది. ఇది వృత్తిలో భాగమని వదిలేయలేం. దయచేసి ఎత్తైన కుర్చీ ఒకటి కిటికీ దగ్గర వేసి ఉంచండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. చిన్న గాటు పడినా రక్తం ఒక పట్టాన ఆగదు.

బిడియం ఇంకో పెద్ద అడ్డంకి. "ఆడపిల్ల చేత కాళ్లు పట్టించుకోవడమేంటమ్మా" అని మొదటిసారి కాళ్లు వెనక్కి లాక్కున్న తాతగార్లు చాలామంది. మామ్మగార్ల విషయంలో మెట్టెలు. వేళ్లు వాచి మెట్టె చర్మంలోకి దిగిపోతున్నా తీయనివ్వరు. సిస్టర్ వాదించడం మానేసి, చుట్టు విప్పుకునే మెట్టెలను కాస్త వదులు చేసి, కింద మెత్తటి గాజుగుడ్డ పెట్టి వస్తున్నారు. వాపు ముదిరి, వేలు రంగు మారితే మాత్రం మొహమాటం లేదు, తీయాల్సిందే.

ఇన్ని ఇబ్బందులున్నా ఇంటికి వెళ్లడం మానకూడదని నేను అనడానికి కారణం ఒక ఇంట్లో చూసిందే. ఆ రోజు సిస్టర్‌తో నేనూ వెళ్లాను. ఆ ఇంటి పెద్దాయన "కాళ్లు దివ్యంగా ఉన్నాయి, నొప్పే లేదు" అన్నారు. ఆయన్ను కళ్లు మూసుకోమని సిస్టర్ మోనోఫిలమెంట్ తీశారు. సన్నటి నైలాన్ తీగ అది, సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడికి వంగుతుంది. బొటనవేలు, ముందుపాదం, ఒక్కోచోట ఆనిస్తూ "తగిలినప్పుడు చెప్పండి" అన్నారు. తీగ వంగుతోంది, ఆయన మాట్లాడరు. రెండు పాదాలూ అయిపోయాక "ఇంకా మొదలుపెట్టలేదా అమ్మాయ్?" అని అడిగారు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శే పోయిందన్నమాట. తర్వాత సిస్టర్ గుమ్మం దగ్గరున్న ఆయన హవాయి చెప్పులు తిరగేస్తే, కుడి చెప్పు అడుగున మేకు దిగి ఉంది. మొన పైకి తేలింది. దానికి సరిగ్గా ఎదురుగా అరికాల్లో నల్లటి చుక్క. దాన్ని ఆయన మట్టి అనుకున్నారు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆయన మంచి చెప్పులు వేసుకుని వెళ్లేవారు. ఆ హవాయి చెప్పులను ఏ డాక్టరూ చూసే అవకాశం లేదు. అలాగే సొరుగులో సగం విరిచిన బ్లేడు, ఆనెల మీద అంటించే కార్న్ క్యాప్‌లు, రాత్రిపూట కాళ్లు పెట్టుకునే పొగలు కక్కే ఉప్పునీళ్ల బకెట్టు. స్పర్శ పోయిన కాలికి ఈ మూడూ ప్రమాదమే. కార్న్ క్యాప్‌లో ఉండే శాలిసిలిక్ యాసిడ్ ఆనెతో పాటు చుట్టూ ఉన్న మంచి చర్మాన్నీ తినేస్తుంది. నీళ్ల వేడి చూడాల్సింది మొద్దుబారిన కాలితో కాదు, మోచేత్తో.

సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ముంచేసినప్పుడు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు సభ్యుల ఇళ్లకు ఎవరమూ వెళ్లలేకపోయాం. వాగు కట్టకు పడిన గండ్లు పూడ్చేసరికే 7వ తేదీ వచ్చింది. ఆ తర్వాత కూడా కొన్ని వీధుల్లో నీళ్లు తీయలేదు. మురుగు కలిసిన నీళ్లలో రోజుల తరబడి తిరిగిన కాళ్లు, వేళ్ల సందుల్లో ఒరిసి, తెలియకుండా గాజుపెంకులు దిగి, చూడాల్సినవన్నీ ఒకేసారి మీద పడ్డాయి. నెల రోజులు మిగతా ప్రాంతాల విజిట్లు ఆపి అటే పంపించాం. ఫ్రిజ్‌లు ఆగిపోయి ఇన్సులిన్ పాడైనవాళ్లకు మందు అందించడానికి మన యువ వలంటీర్లు పడవల్లో తిరిగారు. వాళ్లకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

చలికాలంలో దీక్షల సమస్య వచ్చింది. భవానీ మాల వేసుకున్న సభ్యులు చెప్పులు వదిలేస్తారు, మండల దీక్ష అయితే 41 రోజులు. మాల వేసుకోవద్దని చెప్పే హక్కు సంఘానికి లేదు. స్పర్శ లేని కాలితో గిరి ప్రదక్షిణ చేస్తే ఏమవుతుందో చెప్పే బాధ్యత మాత్రం ఉంది. సిస్టర్ రోజూ రాత్రి అరికాలు అద్దంలో చూసుకోమని నేర్పారు. మాల వేసే కొందరు గురుభవానీలు, పెద్దవాళ్లు గుడ్డ మేజోళ్లు వేసుకోవచ్చని ఒప్పుకున్నారు. దానికదే చాలదు, ఏమీ లేనిదానికంటే నయం.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఆసుపత్రికి పంపాల్సి వచ్చినప్పుడు. వేలు నల్లబడింది, వాసన వస్తోంది, ఎర్రదనం పైకి పాకుతోంది, పాదం వేడెక్కి వాచింది అంటే ఆ రోజే వెళ్లాలి. "అమావాస్య వెళ్లనివ్వండి", "అబ్బాయిని అడిగి చెప్తాం" అంటారు. అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ తెల్లవారేదాకా ఇక్కడ కాలు ఆగదు. వీడియో కాల్‌లో తల్లి కాలు చూసి "మీరే డ్రెస్సింగ్ చేసేయండి" అని సిస్టర్ మీద ఒత్తిడి తెచ్చినవారున్నారు. ఇకనుంచి అలాంటి ఇంట్లో సిస్టర్ ఒక చీటీ రాసి, ఇంట్లో పెద్దవారి సంతకం తీసుకుని, వెంటనే నాకు ఫోన్ చేస్తారు. ఆ ఇంటికి కార్యవర్గ సభ్యుడొకరు అదే రోజు వెళ్తారు.

డబ్బు విషయం. మొదట ఉచితంగా నడిపాం. ముందే చెప్పి వెళ్లినా తాళాలు వేసిన ఇళ్లు తగిలాయి. విజిట్‌కు 300 రూపాయలు పెట్టాక అది తగ్గింది. ఇచ్చుకోలేనివాళ్ల భారం సంక్షేమ నిధి మోస్తోంది. వాళ్లెవరో కోశాధికారికి, నాకు తప్ప తెలియదు, తెలియక్కర్లేదు. ఈ 300లో ఆటో, చేతి తొడుగులు, బ్లేడ్లు పోగా సిస్టర్‌కు మిగిలేది తక్కువే. ఒక ఇంట్లో పని ముగిశాక బీపీ చూడమనడం, పక్కింటి పిన్నిగారిని పిలవడం, కాఫీకి కూర్చోబెట్టడం ప్రేమతోనే అయినా, ఆ సమయం తర్వాతి ఇంటివాళ్లది.

కార్యవర్గం సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్న తీర్మానాలు ఇవి. కొత్త సంవత్సరంలో సిస్టర్‌తో పాటు ఎప్పుడూ ఒక సహాయకురాలు వెళ్లాలి, ఒంటరిగా ఎవరింటికీ పంపకూడదు. చిన్న ఆటోక్లేవ్ ఒకటి, అదనంగా పరికరాల సెట్లు కొనాలి. మెట్లు దిగి రాగలిగినవాళ్లకు నెలకోసారి సంఘం హాల్లోనే చూసి, ఇంటి విజిట్లు నిజంగా రాలేనివాళ్లకే ఉంచాలి. స్పర్శ పోయినవాళ్లకు వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ (మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు సగం ధరకు ఇప్పించాలి. విజిట్ రుసుము 400 చేయాలన్న ప్రతిపాదన మీద కార్యవర్గం రెండుగా చీలింది. అది మీ ఓటుకు వదిలేస్తున్నాం. రాలేని సభ్యులు తమ అభిప్రాయాన్ని కాగితం మీద రాసి సిస్టర్ వచ్చినప్పుడు ఆమె చేతికే ఇవ్వవచ్చు.

ఇట్లు,
కార్యదర్శి