ఈసారి మద్దెల నిజంగానే ఓడు

జూన్ మొదటి వారం నుంచి ఆగస్టు రెండో వారం దాకా మా దుకాణంలో 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) నూలు కాగితపు స్కెచ్‌బుక్ కొన్నవారందరికీ ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ పుస్తకాల్లోని కాగితం నీటిరంగులకు పనికిరాదు. మొత్తం 140 కుట్టాం, 93 అమ్మాం. ఆ 93 పుస్తకాలనూ వెనక్కి తీసుకుంటున్నాను. డబ్బు కావాలన్నవారికి డబ్బు, పుస్తకం కావాలన్నవారికి కొత్త కాగితంతో కుట్టిన పుస్తకం అందుతుంది. కొరియరు ఖర్చు రానూపోనూ నాదే.

తప్పు మొదట కనిపెట్టింది నేను కాదు. జూన్ చివర్లో కాకినాడ నుంచి మా పాత ఖాతాదారు ఒకరు కోరంగి మడ అడవుల దగ్గర కూర్చుని వేసిన చిత్రాన్ని ఫోటో తీసి పంపారు. అందులో ఆకాశం నిండా స్ఫోటకపు మచ్చల్లా ముదురు నీలం చుక్కలు పడి ఉన్నాయి. కుంచెలో నీరు ఎక్కువై ఉంటుందనీ, మొదటి పూత ఆరకముందే రెండోది వేసి ఉంటారనీ నేను గురువు గొంతుతో సమాధానం రాశాను. ఇరవై ఏళ్ళుగా సముద్రాన్నీ కొండలనూ గీస్తున్నవాడిని, పదేళ్ళుగా ఇతరులకు నేర్పుతున్నవాడిని, ఆ చుక్కలు చూడగానే కాగితాన్ని అనుమానించవలసింది. నా దుకాణపు కాగితం కాబట్టి అనుమానించలేదు.

ఆగస్టులో, మా ఆదివారపు బృందంలో అరవై దాటాక కుంచె పట్టిన విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకాయన తన పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు. రుషికొండ మీది వానాకాలపు ఆకాశాన్ని ఆయన పదకొండుసార్లు వేశారు, పదకొండుసార్లూ మచ్చలే వచ్చాయి. "ఈ విద్య నాకు పట్టుబడదులెండి, అనవసరంగా మీ సమయం తింటున్నాను" అన్నారు. పన్నెండో పేజీలో నేనే ఒక చదునైన నీలిపూత వేసి చూపించబోయాను. నాకూ మచ్చలే వచ్చాయి. ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గు ఇంత అని చెప్పలేను.

నూలు కాగితం స్వభావతః అద్దుడు కాగితం లాంటిది, నీటిని ఇట్టే పీల్చేస్తుంది. రంగు కాసేపు పైన నిలిచి, మనం కుంచెతో సర్దుకునే వ్యవధి ఇవ్వాలంటే, తయారీలోనే దానికి జెలటిన్ వంటి జిగురు పట్టించాలి. దాన్నే సైజింగ్ అంటారు. సైజింగ్ పలచబడిన చోట రంగు లోపలికి దిగిపోయి ముదురు చుక్కగా మిగులుతుంది. తడి కుంచెతో ఎంత తుడిచినా అది పైకి రాదు.

రాజస్థాన్‌లో సాంగనేర్ ప్రాంతంలోని మా సరఫరాదారుకు ఈ సంగతి చెబితే, వైజాగ్ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మా గదిలోనే కాగితం చెడిందని సమాధానం ఇచ్చారు. ఆడలేక మద్దెల ఓడు అంటున్నానన్న ధ్వని ఆ మాటలో ఉంది. తేమలో ఎక్కువ కాలం ఉన్న కాగితానికి సైజింగ్ చెడుతుందన్నది నిజమే. ఆ సంగతి సముద్రానికి అరకిలోమీటరు దూరంలో కాగితం దాచుకునేవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. మా బీరువాలో సిలికా జెల్ పొట్లాలు ఉంటాయి, తేమమాపకం ఉంటుంది. అదే బీరువాలో, అదే అరలో, వారే పోయిన ఏడాది పంపిన లాటులోని మూడు షీట్లు పద్నాలుగు నెలలుగా ఉన్నాయి. వాటి మీద వేసిన నీటిబొట్టు నాలుగు నిమిషాలు గుండ్రంగా నిలిచింది. కొత్త లాటులో, వారు వేసిన పాలిథీన్ సంచీ ఇంకా విప్పని కట్ట ఒకటి మిగిలి ఉంటే, దాన్ని వీడియో తీస్తూ విప్పి, మధ్య షీటు మీద బొట్టు వేశాను. అరనిమిషం తిరగకుండానే ఇంకిపోయింది. వీడియో పంపాక వారి నుంచి వచ్చింది వివరణ కాదు, తర్వాతి లాటు మీద ఇరవై శాతం తగ్గింపు ఇస్తామన్న మాట. నాకు తగ్గింపు అక్కర్లేదు. గది చెడ్డదన్న మాటను వెనక్కి తీసుకుంటే చాలన్నాను, వారు తీసుకోలేదు. తొమ్మిదేళ్ళ బేరం అంతటితో ముగిసింది. ఇది మొండితనమని మా ఇంట్లోవాళ్ళు అంటున్నారు, కావచ్చు.

నా తప్పు కూడా దాచను. లాటు రాగానే ప్రతి కట్టలోనూ పైన ఒకటి, మధ్యన ఒకటి, అడుగున ఒకటి తీసి రెండు వైపులా పరీక్షించాలని నేనే పెట్టుకున్న నియమం. ఈసారి వేసవి శిబిరం హడావిడిలో మొదటి కట్ట పై షీటు ఒక్కటే చూశాను, అది బాగానే ఉంది.

అమ్మని 47 పుస్తకాలను ఏం చేయాలన్న ఆలోచనతో నాలుగు రాత్రులు సరిగా నిద్రపోలేదు. ఒక ఉపాయం ఉంది. రుచీ రంగూ లేని వంట జెలటిన్‌ను లీటరు నీటికి 25 గ్రాముల లెక్కన నానబెట్టి, మరగనీయకుండా వేడిచేసి, వెడల్పు కుంచెతో రెండు వైపులా పూసి ఆరబెడితే సైజింగ్ తిరిగి వస్తుంది. ఆరు షీట్ల మీద చేసి చూశాను. పూత ఎంత చక్కగా పరుచుకుందంటే, పుస్తకాలన్నీ విప్పి, పూసి, మళ్ళీ కుడదామని మా బైండరు అప్పుడే దారం తీశాడు. పెట్టుబడి మొత్తం దక్కేది, మీకెవరికీ తేడా తెలిసేది కాదు. కానీ ఇంట్లో పూసిన జెలటిన్ మన ఉక్కపోతకు రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి బూజు పట్టవచ్చు, పట్టకపోనూ వచ్చు. ముప్పై ఏళ్ళైనా నిండకుండా 1925లో కన్నుమూసిన దామెర్ల రామారావు చిత్రాలను రాజమహేంద్రవరంలోని ఆయన చిత్రశాలలో చూసి వచ్చిన ప్రతిసారీ, బొమ్మ వేసినవాడి కంటే కాగితం ఎక్కువకాలం బతకాలని అనిపిస్తుంది. ఆ హామీ ఇవ్వలేని కాగితం మీద మా ముద్ర వేయలేకపోయాను. ఐదో రోజు పొద్దున ఆ 47 పుస్తకాలనూ విప్పించి, బొగ్గు, పాస్టెల్ అభ్యాసానికి ఆదివారపు బృందానికి ఉచితంగా ఇచ్చేశాం.

ఇకమీదట విదేశీ మిల్లులో సిలిండర్ మోల్డ్ పద్ధతిలో, అంటే గుజ్జులో తిరిగే జల్లెడ డోలు మీద పొర పట్టించి, తయారైన నూరుశాతం నూలు కాగితం వాడుతున్నాం. ధర 780 నుంచి 1,120 రూపాయలకు పెరుగుతుంది. మార్పిడి పుస్తకాలకు ఈ తేడా ఎవరూ కట్టనక్కర్లేదు. బయట తయారైన పుస్తకాలు తెప్పించి మా అట్ట వేసి చవగ్గా అమ్మమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. ఆ పని చేయను.

పాత పుస్తకాన్ని ఉంచుకుంటామనేవారికి ఒక మాట. ఆ కాగితం మీద తుడిచి వెలుగు తీయడం కుదరదు, రంగు ఆరాక వెలవెలబోతుంది. అందువల్ల తడి పూతలు మాని, రంగును చిక్కగా కలిపి పొడికుంచెతో ఒకేసారి వేయండి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. ఎర్రటి గోధుమరంగైన బర్న్ట్ సియెన్నాను కుంచె పక్కకు వాల్చి గరుకుగా లాగితే వాన కోసిన మట్టి చారలు వాటంతటవే వస్తాయి. జీడిమామిడి చెట్ల కింది నీడకు అదే రంగులో అల్ట్రామెరీన్ నీలం కలపండి. గవాష్ (కింది కాగితం కనబడనీయని చిక్కని నీటిరంగు) ఉన్నవారికి అసలు ఇబ్బందే లేదు.

ఆ కాగితం మీద ఆకాశం చెడగొట్టుకుని మానేసినవారు కొత్త పుస్తకం అందగానే మళ్ళీ అదే ఆకాశం వేయాలని నా కోరిక. పేజీని పూర్తిగా తడిపి, కంటి ఎత్తున ఏటవాలుగా పట్టి చూడండి. నీటి తళుకు పోయి పట్టుబట్ట మీది మెరుపంత మిగిలినప్పుడు, అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపిన బూడిదరంగును మబ్బు అడుగున తాకించి కుంచె కింద పెట్టేయండి. మన తీరంలో ఆగస్టు ఉదయాల్లో ఆ మెరుపు రావడానికి ఎదురుచూడక తప్పదు. తొందరపడి హెయిర్ డ్రయ్యర్ పట్టుకోకండి. కాకినాడ ఖాతాదారుకు నేను విడిగా క్షమాపణ రాశాను. ఉపాధ్యాయుడిగారికి మొదటి కొత్త పుస్తకం చేతికిచ్చి వచ్చాను.

వెనక్కి పంపేటప్పుడు మీరు వేసిన పేజీలను కోసి మీ దగ్గరే ఉంచుకోండి. అట్టతో పాటు మిగిలిన కాగితం వస్తే చాలు, ఎన్ని పేజీలు వచ్చాయో లెక్క చూడను. బిల్లు లేకపోయినా వెనుక అట్ట లోపల లాటు అంకె 6 అని ఉంటే అది మా బాధ్యతే. అక్టోబరు నెలాఖరులోగా పంపండి. ఆ తర్వాత వచ్చినా కాదనను గానీ, కొత్త కాగితం తక్కువగా ఉంది కాబట్టి కొన్నాళ్ళు ఆగవలసి వస్తుంది.