కామెంటరీకి పేరున్న ఆటగాడే కావాలా?

సంపాదకులకు నమస్కారం.

ఐపీఎల్ వచ్చిన ప్రతిసారీ తెలుగు కామెంటరీ మీద చర్చ నడుస్తుంది. మాజీ ఆటగాళ్లను మైకు ముందు కూర్చోబెట్టేటప్పుడు ఏం చూడాలో చెప్పడానికి, నేనుంటున్న అమెరికాలోని మిల్వాకీ నగరం నుంచి ఒకరి గురించి రాస్తున్నాను.

ఆయన పేరు బాబ్ యూకర్. 1934లో ఈ ఊళ్లోనే పుట్టారు. 1962 నుంచి 1967 దాకా ఆరు సీజన్లు మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో క్యాచర్‌గా ఆడారు. క్రికెట్‌లో వికెట్ కీపర్ చేసే పని లాంటిదే అది. బ్యాటింగ్ సగటు .200, కొట్టిన హోమ్ రన్లు 14. ఏ లెక్కన చూసినా తక్కువే. 1964లో ఆయన ఉన్న సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు, లీగ్ విజేతను తేల్చే ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది కానీ, ఆ సిరీస్‌లో ఆయనకు ఒక్క మ్యాచ్‌లోనూ ఆడే అవకాశం రాలేదు.

ఆట మానేశాక మా ఊరి జట్టు మిల్వాకీ బ్రూయర్స్ ఆయనకు ముందు స్కౌట్ పని, అంటే కొత్త ఆటగాళ్లను వెతికే పని, ఇచ్చింది. అది కుదరలేదు. 1971లో రేడియో కామెంటరీకి పంపారు. మెర్ల్ హార్మన్, టామ్ కాలిన్స్ లాంటి అనుభవజ్ఞుల పక్కన కూర్చుని పని నేర్చుకున్నారు. ఇక 2024 వరకూ, మొత్తం 54 సీజన్లు, ఆ మైకు వదల్లేదు. 2003లో కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను ఫోర్డ్ సి. ఫ్రిక్ అవార్డుతో గౌరవించింది. బ్రాడ్‌కాస్టర్లకు అంతకు మించిన గుర్తింపు లేదు.

ఆ 54 ఏళ్లలో బ్రూయర్స్ ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ గెలవలేదు. 1982లో చివరి మెట్టు దాకా వెళ్లి ఓడింది. 1993 నుంచి 2004 దాకా వరసగా పన్నెండు సీజన్లు గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ. అయినా జనం రేడియో కట్టేయలేదు. జట్టు చిత్తుగా ఓడిపోతున్న రాత్రి కూడా ఆయన పాత కబుర్లు చెబుతూ, ఆ మధ్యలోనే ఒక్క బంతీ వదలకుండా ఆటను కళ్లకు కట్టేవారు. గాల్లో ఎటు ఊగుతుందో తెలియని నకిల్‌బాల్ అనే బంతిని క్యాచర్ ఎలా పట్టాలి అంటే, అది దొర్లడం ఆగాక వెళ్లి ఏరుకోవడమే అనేవారు. బెంచీ మీద ఎక్కువ కాలం కూర్చున్న ఆటగాడికి జట్టులో ఎవరి టెన్షన్ ఏమిటో బాగా కనబడుతుందని నా నమ్మకం. ఆ చూపే ఆయన మాటల్లో వినిపించేది.

2023లో క్యాన్సర్ బయటపడినా ఆయన పని మానలేదు. ఆ సంగతి 2025 జనవరిలో ఆయన చనిపోయాక కుటుంబం చెబితేనే మాకు తెలిసింది.

ఇక మన సంగతి. వేణుగోపాలరావు, ఎమ్మెస్కే ప్రసాద్ లాంటివాళ్లు తెలుగు కామెంటరీకి రావడం సంతోషం. కానీ అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడినవాళ్ల దగ్గరే ఎందుకు ఆగిపోవాలి? ఆంధ్ర, హైదరాబాద్ జట్లకు ఏళ్ల తరబడి రంజీ ఆడి, పేరు రాకుండానే తప్పుకున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లలో చక్కగా మాట్లాడగలవాళ్లు, ఊరూరి యాస తెలిసినవాళ్లు తప్పక ఉంటారు. ప్రసార సంస్థలు వాళ్లకు వాయిస్ టెస్టులు పెట్టాలి. ఎంపికైనవాళ్లను రెండు నెలల ఐపీఎల్‌కు పిలిచి పంపేయకుండా, కొన్నేళ్లు ఉంచి పని నేర్పాలి. విశాఖలోనో ఉప్పల్‌లోనో జరిగే రంజీ మ్యాచ్‌లకు ఆకాశవాణి తెలుగులో ఆడియో కామెంటరీ మొదలుపెడితే, వాళ్లు తప్పులు చేసి దిద్దుకోవడానికి చోటు దొరుకుతుంది. రెండు రాష్ట్రాల క్రికెట్ సంఘాలు వచ్చే రంజీ సీజన్ లోపే ఆకాశవాణితో ఈ విషయం మాట్లాడాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
మిల్వాకీ, విస్కాన్సిన్