కొర్ర పంట, పేడకుప్ప: ఈ ఏటి సంఘం నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2023లో అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పుడు మనలో మొదలైన ఉత్సాహం ఇంకా చల్లారలేదు. సర్వసభ్య సమావేశంలో అనుకున్నట్టే ఈ ఏడాది సంఘం పొలంలో రసాయన ఎరువుల జోలికి పోకుండా కొర్ర వేశాం. ఐదు సాళ్ల కొర్రకు ఒక సాలు కంది. గింజ సన్నం కాబట్టి ఇసుకతో కలిపి విత్తాం. పంట చేతికొచ్చింది. అయినా ఈ నివేదికలో ఎక్కువ భాగం పేడకుప్ప గురించే.

ముందు మనం చేసిన తప్పు. దుక్కిలో వేయడానికి చివికిన ఎరువు చాలక, తూర్పు మడికి పచ్చిపేడే తోలించాం. కార్యవర్గంలో ఇద్దరు వద్దన్నారు, మిగతావాళ్లం వినలేదు. ఇది రాస్తున్న కార్యదర్శి కూడా ఆ విననివాళ్లలో ఒకడే. రెండు వారాలు తిరిగేసరికి ఆ మడిలో కొర్ర కన్నా కలుపే ఏపుగా లేచింది. పశువులు మేసిన గడ్డి గింజలు పేడలో చావవు, కుప్ప బాగా వేడెక్కితేనే చస్తాయి. కొర్ర మొక్కలేమో పసుపు రంగుకు తిరిగి గిడసబారాయి. పేడలోని గడ్డీగాదాన్ని చివికించే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని ముందు తామే వాడేసుకుంటాయి. పంటకాలమే 80, 90 రోజులు, అందులో మొదటి నెల ఇలా పోతే మొక్క తేరుకునేదెప్పుడు? ఒకచోట వాడిన మొక్కను పట్టి లాగితే వేరు లేకుండా ఊడొచ్చింది. కింద మట్టిలో తెల్లగా, కొడవలిలా వంగి పడుకున్న వేరుపురుగు.

పడమటి మడికి వేసింది ఏడాది మాగిన కుప్ప. తవ్వితే పేడ వాసనే లేదు, తడిసిన మట్టి వాసన. గుప్పిట్లో నొక్కితే ముద్దయింది, వేలితో తాకితే పొడిపొడిగా విడిపోయింది. ఇకమీదట మనకు ఇదే పరీక్ష.

లెక్క కూడా చూసుకోవాలి. 45 కిలోల యూరియాలో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. పశువుల ఎరువులో ఉండేది సుమారు అర శాతం, అంటే అంత నత్రజనికి 4 టన్నుల పైనే తోలాలి. అదీ మొదటి పంటకు అందేది కొంతే. నాలుగు తట్టలు చల్లి సేంద్రియం అనుకుంటే కుదరదు. కొర్ర తక్కువతో సర్దుకునే పంట కాబట్టి గట్టెక్కాం.

జీవామృతం కూడా వాడాం. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి, నీడలో 48 గంటలు ఉంచాలి. పూటపూటా కర్రతో తిప్పాలి. నా అభిప్రాయం అడిగితే, ఇది ఎరువుకు తోడే తప్ప ఎరువుకు బదులు కాదు. చివికిన ఎరువు పడిన మడిలోనే దీని పని కంటికి కనిపించింది.

కంకి పాలు పోసుకునేటప్పుడు పిట్టల టెన్షన్ మామూలే, కాపలా వంతులు బాగానే నడిచాయి. జమాఖర్చులు వేరే కాగితంలో జతచేశాం.

వచ్చే పంటకు కుప్ప ఇప్పుడే వేయాలి. చెట్టు నీడన చోటు చూశాం. తడి ఆరకుండా చూడాలి, నెలకోసారి తిరగేయాలి. వంతులకు పేర్లు ఇవ్వండి. జీవామృతం తిప్పడానికి పేర్లిచ్చి రానివాళ్లకు మొదటి నెల ఇప్పటికే రాసేశాం.

కార్యదర్శి