ఆ మాటకు అర్థం అద్దాల మేడ కాదు

సంపాదకులకు నమస్కారం.

కొంతకాలంగా పత్రికల్లోనూ, అంతకంటే ఎక్కువగా ఇళ్ళ స్థలాల ప్రకటనల్లోనూ ‘కాస్మోపాలిటన్’ అనే మాట విరివిగా కనబడుతోంది. కాస్మోపాలిటన్ హంగులట, కాస్మోపాలిటన్ జీవనశైలి అట. మన కడప ఇంకా కాస్మోపాలిటన్ నగరం కాలేదని బాధపడేవాళ్ళూ ఉన్నారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. ఈ మాటకు జరుగుతున్న అన్యాయం చూడలేక ఈ లేఖ రాస్తున్నాను.

కిందటి జూన్‌లో, బ్యాంకు ఉద్యోగం మీద అస్సాం నుంచి బదిలీ అయి వచ్చిన ఒక కుర్రవాడికి అద్దె ఇల్లు చూసిపెట్టే పని నా మీద పడింది. ఊరి శివారున కొత్త అపార్టుమెంటు. గేటు పక్కన నిలువెత్తు బోర్డు మీద బంగారు రంగు అక్షరాలతో ‘కాస్మోపాలిటన్ జీవనం’ అని రాసి ఉంది. ఫ్లాటు యజమాని మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. తర్వాత ఆ అబ్బాయి వైపు చూడకుండా నన్ను అడిగారు: “వీళ్ళు ఏమవుతారు మాస్టారూ?” అడుగుతున్నది కులం, మతం గురించేనని అర్థమై, నాకు తెలియదన్నాను. పేరు అడిగారు. పేరు విన్నాక, ఇల్లు చుట్టాలకు ఇస్తామని మాట ఇచ్చేశామన్నారు. ‘అద్దెకు ఇవ్వబడును’ అన్న అట్టముక్క ఆ తర్వాత నెలన్నర పాటు ఆ బాల్కనీకి వేలాడుతూనే ఉంది. ఆ అబ్బాయికి తెలుగు రాదు. అయినా అర్థమైంది. మెట్లు దిగుతూ, “పదండి సార్, ఎండ ఎక్కుతోంది” అని హిందీలో అన్నాడు, అంతే. ఆ రోజు నేను తలెత్తి అతని ముఖం చూడలేకపోయాను.

చివరికి పెద్ద దర్గాకు దగ్గరలో ఒక పెద్దావిడ మేడ మీది గది ఇచ్చారు. ఆమె అడిగినవి రెండే ప్రశ్నలు. అడ్వాన్సు ఎప్పుడిస్తావు, కుళాయి నీళ్ళు పట్టుకోవడానికి బిందెలు ఉన్నాయా? లేవంటే లోపలికి వెళ్ళి రెండు ప్లాస్టిక్ బిందెలు తెచ్చి మెట్ల మీద పెట్టారు. ఇంగ్లీషు ముక్క రాని ఆ తల్లిని మించిన కాస్మోపాలిటన్ మనిషిని నేను ఈ ఊళ్ళో చూడలేదు.

ఆ మాట పుట్టుక తెలిస్తే నేనెందుకు ఇలా అంటున్నానో మీకే తెలుస్తుంది. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు తత్త్వవేత్త డయోజినీస్‌ను నీది ఏ ఊరని అడిగితే, నేను లోకానికి పౌరుణ్ణి అన్నాడని చెబుతారు. లోకం, పౌరుడు అనే రెండు గ్రీకు మాటలు కలిసి ఆ పదం అయింది. ఆయన సొంత ఊరు సినోపె నుంచి వెలివేయబడినవాడు. పెద్ద మట్టి కాగులో తలదాచుకున్నాడని ప్రతీతి. ఇల్లూ ఊరూ లేని మనిషి నోట పుట్టిన మాట అది. ఎదుటి మనిషి పుట్టుకను బట్టి ఇల్లు లేదనేచోట దాన్ని బంగారు అక్షరాలతో రాయడం ఎంత ఘోరం! తెలుగులో ఆ అర్థానికి దగ్గరి మాట కావాలంటే జాషువా గారు ఇచ్చివెళ్ళారు. అంటరానితనాన్ని అనుభవించిన ఆ కవి తనను తాను విశ్వనరుడినని చెప్పుకున్నారు. నాకు తెలిసి దానికంటే మంచి అనువాదం లేదు.

ఇక కడప సంగతి. కలకత్తాలో పుట్టిన సి.పి.బ్రౌన్ 1820లో ఈ ఊరికి ఉద్యోగం మీద వచ్చి, ఇక్కడ బంగళా కొని, సొంత జీతం ఖర్చుపెట్టి పండితుల చేత తెలుగు తాళపత్రాలకు ప్రతులు రాయించాడు. 1852లో ఆయన నిఘంటువు వెలువడింది. ఆ బంగళా ఉన్నచోటే ఈనాడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. ఉగాది నాడు తెల్లవారకముందే దేవుని కడప గుడి ముందు చూడండి. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు అని, వేంకటేశ్వరుడు తమ అల్లుడని చెప్పుకుంటూ ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలతో బారులు తీరి ఉంటాయి. పెద్ద దర్గా ఉరుసుకు హిందువులు వెళ్ళడం మనకు వింత కాదు. మన నల్ల రాతిని ముంబయి వంటిళ్ళలో ‘కడప్పా’ అనే పిలుస్తారు. మంగంపేట ముగ్గురాయిని చమురు బావుల తవ్వకానికి వాడతారు. కువైట్‌లో బిడ్డ లేని వీధి ఉమ్మడి కడప జిల్లాలో దొరకడం కష్టం. అక్కడ పరాయివాడిగా బతకడం ఎలా ఉంటుందో ఆ బిడ్డల తల్లిదండ్రులను అడగండి. ఒక గదికి పదిమంది, యజమాని దయ మీద ఆధారపడిన బతుకు. అలాంటి జిల్లాలో వేరే రాష్ట్రం కుర్రవాడికి తలుపు వేయడం నాకు మింగుడుపడటం లేదు.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. అద్దె ఇళ్ళ ప్రకటనల్లో ‘ఫలానా కులంవారికి మాత్రమే’, ‘ఫలానా మతంవారు వద్దు’ అనే షరతులు ఉంటే వాటిని అచ్చు వేయకండి. డబ్బు ఇచ్చి వేయించుకునే ప్రకటన అయినా సరే, తిప్పి పంపండి. ‘శాకాహారులకు మాత్రమే’ అన్న వరుస మీద కూడా ఒకసారి ఆలోచించండి. చాలాసార్లు దాని వెనక ఉన్నది వంట వాసన గొడవ కాదు, కులం ప్రశ్నే. ఆ అస్సాం అబ్బాయి ఇప్పుడు తెలుగు నేర్చుకుంటున్నాడు. మొన్న నా దగ్గరకు వచ్చి ‘ఱ’కూ ‘ర’కూ తేడా ఏమిటని అడిగాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
కడప