రెఫరల్ అడిగే ముందు
అందరికీ నమస్కారం. శ్రీసిటీలోనో బెంగళూరులోనో ఉన్న సీనియర్లను రెఫరల్ (వాళ్ల కంపెనీలో ఉద్యోగానికి మన పేరు సిఫారసు చేయడం) అడిగేవాళ్లు ఇది చదవండి. "అన్నా, ఏదన్నా జాబ్ ఉంటే చెప్పు" అంటే వాళ్లేమీ చేయలేరు. రెఫరల్ ఫారంలో నింపడానికి జాబ్ ఐడీ (ఆ ఉద్యోగ ప్రకటనకు కంపెనీ ఇచ్చే నంబరు) కావాలి. అది, ఒక పేజీ రెజ్యూమె పీడీఎఫ్, మీ మెయిల్, ఫోన్ నంబరు, ఆ పనికి మీరెందుకు సరిపోతారో 3 వాక్యాలు, అన్నీ ఒకే మెసేజ్‌లో పెట్టండి. ముఖ్యంగా, ముందే మీరుగా అప్లై చేయొద్దు! చాలా కంపెనీల్లో అదే మెయిల్‌తో పాత దరఖాస్తు ఉంటే రెఫరల్ ఎక్కదు. వారం ఆగి ఒక్కసారే గుర్తు చేయండి.

ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ సంగతి వాళ్లకు చెప్పండి, చాలామంది ఇక్కడే సంబంధం తెంచుకుంటున్నారు. మే నెలలో గంగజాతరకు వాళ్లు తిరుపతికొస్తే ఓ పావుగంట కలవండి. ఆ రోజు మాత్రం రెజ్యూమె మాటెత్తకండి.