డిమాండ్ చార్జీ లెక్క మాకూ చూపించండి: విద్యుత్ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

మాది మూడంతస్తుల బట్టల షాపు. హెచ్‌టీ (హై టెన్షన్, ఎక్కువ వోల్టేజీ) సర్వీసు, కాంట్రాక్ట్ డిమాండ్, అంటే ఒకేసారి ఇంతవరకు వాడుకుంటామని ఒప్పుకున్న లోడు, 100 కేవీఏ (లోడుకు కొలత). జనవరిలో సంక్రాంతి రద్దీకి ఏసీలన్నీ ఆడాయి, గరిష్ఠ డిమాండ్ (ఆ నెలలో పడిన అతి ఎక్కువ లోడు, డిమాండ్ చార్జీ వేసేది దీన్ని బట్టే) 96.4 కేవీఏ అని బిల్లొస్తే మారుమాట్లాడకుండా కట్టాం. ఫిబ్రవరిలో పై రెండంతస్తుల్లో మార్బుల్ పని పెట్టుకుని అమ్మకాలు ఆపేశాం. యూనిట్లు సగానికి పడిపోయాయి. డిమాండ్ మాత్రం మళ్లీ 96.4, పాయింటుతో సహా!

ఆఫీసులో అడిగితే "మీటరు అబద్ధం చెప్పదండీ" అన్నారు. నిజమే, చెప్పలేదు. బటన్ నొక్కుతూ పోతే డిస్‌ప్లేలో రీసెట్ కౌంట్ అని ఒకటి కనిపిస్తుంది, నెలాఖరు రీడింగు తీసి గరిష్ఠ డిమాండును సున్నా చేసినప్పుడల్లా అది ఒకటి పెరగాలి. రెండు నెలల ఫొటోల్లోనూ అదే అంకె. అంటే రీసెట్ చేయలేదు, జనవరి డిమాండే ఫిబ్రవరి నెత్తిన పడింది. వాడినా వాడకపోయినా కాంట్రాక్ట్ డిమాండులో 80 శాతానికి ఎలాగూ కట్టాలి, దాని మీద పేచీ లేదు. ఆ పైన 16.4 కేవీఏకి 475 చొప్పున 7,790 రూపాయలు ఏ లెక్కన కట్టాలి?

ఇదొక రకం. ఎల్‌టీ (లో టెన్షన్, తక్కువ వోల్టేజీ) సర్వీసుల్లో 150/5 సీటీలు (పెద్ద కరెంటును మీటరు కొలవగలిగేంతకు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్లు) తీసి 100/5 పెట్టాక, మీటరు రీడింగును హెచ్చవేసే గుణకాన్ని బిల్లింగ్ కంప్యూటర్లో 20కి మార్చకుండా పాత 30 అలాగే వదిలేస్తే 72 కేవీఏ కాస్తా 108 అవుతుంది, కాంట్రాక్ట్ దాటారని పెనాల్టీ అదనం. యూనిట్లూ అదే నిష్పత్తిలో పెరుగుతాయి గనక ఎండల వల్లేమోలే అనుకుని కట్టేస్తాం.

అందుకే అడుగుతున్నా. గరిష్ఠ డిమాండ్ ఏ తేదీన, ఎన్ని గంటలకు నమోదైందో, రీసెట్ ఎప్పుడు చేశారో, సీటీ రేషియో, గుణకం ఎంతో ప్రతి బిల్లు మీదా వేయించండి. రోజంతా ఎప్పుడెంత లోడు పడిందో ఆ డేటా మీటర్లోనే ఉంటుంది, మీ సిబ్బంది దించుకుంటారు కూడా. మేం దొంగతనం చేశామేమో చూడటానికి పనికొచ్చే డేటా, మా డబ్బు లెక్క చూసుకోవడానికి అడిగితే ఎందుకివ్వరు?

ఇంకో మాట. బిల్లు మీద వివాదం ఉంటే అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు గానీ, ఏది తక్కువైతే అది అభ్యంతరంతో కట్టినవాళ్లకు కరెంటు కట్ చేయకూడదని 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ చెబుతోంది. కౌంటర్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు. కట్ చేస్తారన్న టెన్షన్‌తోనే సగం మంది నోరు మూసుకుని కట్టేస్తున్నారు. దాన్ని బిల్లు వెనకాల తెలుగులో అచ్చు వేయించండి, వినియోగదారుల ఫిర్యాదుల ఫోరం అడ్రసుతో పాటు.

ఇట్లు,
ఒక హెచ్‌టీ వినియోగదారుడు