కార్డు పోతే బ్లాక్ చేయడానికి ఎన్ని కౌంటర్లు తిరగాలి?

సంపాదకుడు గారికి,

విశ్వవిద్యాలయాల్లో అడ్మిషన్లు ముగియగానే కొత్త ఐడీ కార్డులు ఇస్తారు. గేటు, లైబ్రరీ, మెస్, హాస్టల్ హాజరు అన్నిటికీ ఆ ఒక్క కార్డే వాడే క్యాంపస్‌లు పెరుగుతున్నాయి. మంచిదే. కానీ టెండరులో ధర, ప్రింటు నాణ్యత గురించి రాసినంత వివరంగా, కార్డు పోతే ఏం జరగాలో రాయడం లేదు.

కార్డు పోయిందని చెప్తే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో వెంటనే ఆపేస్తారు. మెస్‌లో పెట్టిన రీడరు, అంటే కార్డును చదివే యంత్రం, వేరే కంపెనీది. నెట్ పోయినా పనిచేసేలా చెల్లుబాటయ్యే కార్డుల జాబితాను అది తనలోనే దాచుకుంటుంది. ఆ జాబితా మారేదాకా కార్డు దొరికినవాళ్లు భోంచేస్తూనే ఉంటారు, బిల్లు విద్యార్థి పేరున పడుతూనే ఉంటుంది. ఒకచోట బ్లాక్ చేస్తే అన్ని రీడర్లకూ చేరాలి. నెట్ లేని వాటికి రోజుకొకసారైనా కొత్త జాబితా ఎక్కించాలి. పోలీసు ఫిర్యాదు కాపీ, దరఖాస్తు తెచ్చాకే బ్లాక్ చేస్తామనడం తప్పు. ముందు ఆపాలి, కాగితాలు కొత్త కార్డు ఇచ్చేటప్పుడు అడగొచ్చు.

విద్యార్థి ఖాతాను కార్డు లోపలి చిప్ సీరియల్ నంబరుతో ముడిపెట్టడం ఇంకో పొరపాటు. కొత్త కార్డులో చిప్ నంబరు మారుతుంది కాబట్టి, తీసుకున్న పుస్తకాలు, మెస్ బ్యాలెన్స్ పాత నంబరు మీదే ఉండిపోతాయి. అన్ని విభాగాల్లోనూ అడ్మిషన్ నంబరే ఆధారంగా ఉండాలి, చిప్ నంబరును దానికి జతచేయాలి.

చిప్ రకం కూడా చూసుకోవాలి. 125 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేసే మామూలు కార్డు రీడరు దగ్గరికి రాగానే తన నంబరు చెప్పేస్తుంది, చవక పరికరంతో కాపీ అయిపోతుంది. 13.56 మెగాహెర్ట్జ్ కార్డులన్నీ భద్రమనీ అనుకోకూడదు. వాటిలో ఒక రకమైన మైఫేర్ క్లాసిక్ భద్రతను నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లోనే ఛేదించారు. 128 బిట్ల ఏఈఎస్ అనే సంకేతలిపి రక్షణ ఉన్న డెస్‌ఫైర్ రకం కార్డులు అడగాలి. అవి కొన్నా, రీడరును చిప్ సీరియల్ నంబరు మాత్రమే చదివేలా అమరిస్తే పెట్టిన డబ్బు వృథా. బిల్లు చెల్లించే ముందు, అదే సీరియల్ నంబరుతో తయారుచేసిన నకిలీ కార్డును గేటు దగ్గర పెట్టి చూడాలి. తలుపు తెరుచుకుంటే రీడర్లు వెనక్కి పంపాలి.

విద్యార్థులు కార్డుకు రంధ్రం కొట్టి మెడలో వేసుకునే ట్యాగ్ తగిలించుకుంటున్నారు. 85.6 × 54 మిల్లీమీటర్ల ఆ కార్డు లోపల, చాలావాటిలో అంచుల వెంట సన్నటి తీగ చుట్లు ఉంటాయి. అదే యాంటెనా. అది తెగితే ఫొటో, పేరు చక్కగానే కనిపిస్తాయి, రీడరు మాత్రం పలకదు. ట్యాగ్‌కు హోల్డర్ వాడాలి. అదే హోల్డర్‌లో మెట్రో కార్డు కూడా పెడితే రెండూ ఒకేసారి స్పందించి రీడరు తికమకపడొచ్చు.

కార్డు మీద ఫొటో, పేరు, అడ్మిషన్ నంబరు, గడువు తేదీ, లైబ్రరీ బార్‌కోడ్, దొరికితే పంపాల్సిన కార్యాలయం చిరునామా చాలు. ఆధార్ నంబరు, ఇంటి చిరునామా అక్కర్లేదు. గేటు సిబ్బంది బీప్ వినగానే వదిలేయకుండా ఫొటోను, మనిషిని పోల్చి చూడాలి. ఎవరి కార్డైనా బీప్ అంటుంది.

కార్డులు సాయంత్రాలు, సెలవు రోజుల్లో కూడా పోతాయి. అప్పుడు కార్యాలయం తెరిచి ఉండదు. బ్లాక్ చేసే అధికారం హాస్టల్ వార్డెన్లకూ ఇవ్వాలని విశ్వవిద్యాలయాల రిజిస్ట్రార్లను కోరుతున్నాం.

ఇట్లు,
లైబ్రరీ, కంప్యూటర్ సెంటర్ ఉద్యోగులు కొందరు,
వరంగల్